తలంబ్రాల దగ్గర

నేను ఒక ప్రాసెసర్‌ని. కంప్యూటర్లో లెక్కలన్నీ చేసే చిప్‌ని. తెనాలిలో బసవపున్నయ్య కొట్లో అద్దాల బీరువాలో ఉండేదాన్ని. నా అట్టపెట్టె మీద ఐదు అంకె వేశారు. పక్కదాని మీద ఏడు. అంకె పెరిగితే జోరూ ధరా పెరుగుతాయి.

మొదట నన్ను కొన్నది ఒక ప్లీడరు గుమాస్తా. దావా కాగితాలు టైపు చేయడానికి నేనే ఎక్కువ. అయినా వారం తిరక్కుండా వెనక్కి తెచ్చాడు.

"మా తోడల్లుడి దాంట్లో ఏడుందంటండీ. ఐదు పెట్టుకుని వాళ్లింటికి ఏ మొహంతో వెళ్లను?"

ఏడు పట్టుకెళ్లాడు. టైపు చేసేవి మాత్రం ఆయన పాత వేళ్లే.

పెట్టె విప్పిన సరుకును ఎవరూ అడగరు. ఇంకోసారి వెనక్కొస్తే పాత సామాన్ల బుట్టలో వేస్తానన్నాడు బసవపున్నయ్య.

తర్వాత సుగుణకుమారి తన సీపీయూ డబ్బా మోసుకుని వచ్చింది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. ఆమె కంప్యూటర్ తలంబ్రాల దగ్గర ఆగిపోతోంది. ఆ సాయంత్రం రిసెప్షన్లో ఆ వీడియో వేయాలి. వేయలేకపోతే ఆ ఊళ్లో ఇంకో పెళ్లికి ఆమెను పిలవరు.

"కళ్లు మూసుకుని ఏడు తీసుకోమ్మా."

"కళ్లు మూసుకుంటే వీడియో ఎవరు చూస్తారన్నయ్యగారూ? రెండూ పెట్టి చూపించండి. తలంబ్రాలే వెయ్యండి."

మిగతా పెళ్లంతా మాకు తేలిక. పంతులుగారు కదలరు, పెళ్లికూతురు తలెత్తదు. తలంబ్రాల్లో మాత్రం ఏ గింజ దారి దానిదే. అన్నిటినీ మేమే లెక్కగట్టాలి.

ముందు బీరువాలోంచి ఇంకో ఏడును తీసి బిగించారు. తెర వెలగలేదు. ఆ రకంలో బొమ్మ చూపే భాగం ఉండదు.

"గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనుక్కోవాలిగా మరి! గుమాస్తాగారూ కొన్నారు," అన్నాడు బసవపున్నయ్య.

"ఆ ముక్క ఇప్పుడా చెప్పడం? తీసెయ్యండి. ఆ ఐదు పెట్టండి."

తెర వెలిగింది. జీలకర్ర-బెల్లం అయింది, సూత్రం అయింది. సుగుణకుమారి కుర్చీ అంచుకు జరిగింది. నేను వేడెక్కాను. పెళ్లికొడుకు దోసిలి ఎత్తాడు. గింజలు పడ్డాయి. చివరి గింజ దాకా ఎక్కడా ఆగలేదు.

సుగుణకుమారి వెనక్కి ఆనుకుంది. "చాలన్నయ్యగారూ. మూత బిగించండి."

అప్పటినుంచి ఈ డబ్బాలోనే ఉన్నాను. ముహూర్తాలుంటే వేడెక్కుతాను, మూఢమొస్తే చల్లబడతాను. బుట్ట సంగతి మరిచిపోయాను. మూత బిగించాక నా అంకె ఎంతో ఎవరికీ కనబడదు. తలంబ్రాలు మాత్రం కనబడతాయి.