ఎండలో వెలిగిన టెస్టరు

నేనొక టెస్టరుని. కరెంటు టెస్టరునే. మీ ఇంట్లోనూ మావాడొకడు ఉండే ఉంటాడు. టీవీ కింద సొరుగులోనో, ఫ్రిజ్జు మీద బుట్టలోనో పడుంటాడు. వెతికితే దొరకడు, వెతకనప్పుడు చేతికి గుచ్చుకుంటాడు. చూడ్డానికి స్క్రూడ్రైవరులా ఉంటాం గనక మీరంతా మమ్మల్ని ఆ జాతిలోనే కలిపేశారు. నాతో పెయింటు డబ్బాల మూతలు తీశారు, కొబ్బరికాయ కళ్లు పొడిచారు, ఆఖరికి చెవిలో గుబిలి కూడా తీసుకున్నారు. ఏమన్నానా? అనడానికి నాకు నోరు లేదు. ఉన్నదల్లా పొట్టలో బియ్యపు గింజంత దీపం. కరెంటుంటే వెలుగుతాను, లేకపోతే వెలగను. పుట్టిన దగ్గర్నుంచీ నేను మాట్లాడే మాట అదొక్కటే. ఆ ఒక్క మాటా వినిపించుకోకుండానే మీలో సగంమంది ఇంజనీర్లైపోతున్నారు.

ఎక్కడో ఉత్తరాదిలో రేకుల షెడ్డులో పుట్టాను. ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటూ నా పొట్టలో దీపం, స్ప్రింగు వేసి మూత బిగించేశారు. అట్ట మీద పదిమందిని గుచ్చి పాలకొల్లు పంపించారు. అక్కడ నన్ను కొన్నవాడు కొండయ్య. పెళ్లి పందిళ్లకు లైట్లు కట్టేవాడు, ఇళ్లలో వైరింగు చేసేవాడు. కొండయ్య పదో తరగతి సైన్సులో తప్పాడు. అందుకేనేమో, కరెంటంటే వాడికి మహా భయం. పని మొదలెట్టే ముందు నన్ను మంచి ప్లగ్గులో పెట్టి, వెలుగుతున్నానా లేదా చూసుకునేవాడు. ఎండలో అయితే ఎడమ చేత్తో నా మీద నీడ పట్టి, కన్ను చిట్లించి చూసేవాడు. వాడి దగ్గర ఉన్నన్నాళ్లూ నా మాటకు విలువుండేది.

నా బంగారు రోజులు వెంకటరత్నం మాస్టారింట్లో ముగిశాయి. ముత్యాల వెంకటరత్నంగారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. కొండయ్యని పదో తరగతిలో తప్పించింది ఆయనే. ఒకరోజు వాళ్లింట్లో ఫ్యాను బిగించడానికి వెళ్లాం. కొండయ్య స్టూలు మీద, మాస్టారు స్టూలు కింద.

"ఏరా కొండయ్యా, ఓం నియమం గుర్తుందా?"

"గుర్తుంటే మీ ఇంట్లో ఫ్యాను ఎందుకు బిగిస్తానండి, మాస్టారూ."

మాస్టారు ఆ పని మొదలు నుంచి చివరి దాకా చూశాడు. మూడు స్క్రూలు, రెండు తీగలు. ఇంతేనా అనిపించింది ఆయనకు. కొండయ్య దిగగానే చెయ్యి చాచాడు. "ఆ టెస్టరు నాకిచ్చి వెళ్లు. నువ్వు ఇంకోటి తెచ్చుకో."

గురువుగారు అడిగితే కాదనలేక కొండయ్య ఇచ్చేశాడు. ఇస్తూ నసిగాడు. "ఎండలో దీని దీపం కనబడదండి, చేత్తో నీడ పట్టి చూడండి. ఇంకోటండి, ఇది ఇన్వర్టరున్న ఇల్లు. మెయిను ఆపినా తీగల్లో ఇన్వర్టరు కరెంటు ఉంటదండి. ముందు దాన్నాపాలండి, ఆయ్."

"ముప్పై ఏళ్లుగా కరెంటు పాఠం చెబుతున్నాన్రా. నువ్వా నాకు చెప్పేది?"

ఆ పూటతో నేను మాస్టారి జేబు బనియనులో కాపురం పెట్టాను.

ఆయన ఘనకార్యాలు అన్నీ చెబితే మీకే విసుగు. కాలింగు బెల్లు బాగుచేస్తే అది ఆగకుండా అరగంట మోగింది. మాస్టారికేదో అయిందనుకుని పక్కింటివాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చారు. హాల్లో స్విచ్చి వేస్తే బాత్రూములో లైటు వెలగడం మొదలైంది. అది కావాలనే అలా పెట్టానన్నాడు. మెయిను ఆపడమంటే ఆయనకు నామోషీ. ఆయన ధైర్యమంతా నీలం పట్టీల రబ్బరు చెప్పుల్లో ఉండేది. అవి తొడుక్కుని, ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, రెండో చేత్తో పాము పుట్టలో వేలు పెట్టినట్టు స్విచ్చిబోర్డులో వేలు పెట్టేవాడు. చురుక్కుమంటే చెయ్యి విదిలించుకుని, "రక్తప్రసరణకు మంచిది" అనేవాడు.

భార్య భాగ్యవతి గుమ్మంలో నిలబడి చూసేది. ఆవిడ చదువు అయిదో తరగతి. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయినా, ఆయన సైన్సు చెబుతుంటే చేతులు కట్టుకునే వింటుంది.

"కొండయ్యని పిలుద్దామండీ. మీకేమన్నా అయితే నేనేమైపోవాలి?"

"నాకేమవుతుందే, పిచ్చిదానా. కరెంటుకు నేనంటే భయం."

వానాకాలంలో ఆయన పెరటి మీద పడ్డాడు. బట్టలుతికే బండ దగ్గర రాత్రిళ్లు చీకటిగా ఉంటోందని అక్కడో లైటు పెట్టాలన్నాడు. వంటింటి ఫ్యాను బోర్డులోంచి తీగ లాగి, దానికి వేరే దారి వెతకడం దేనికని, బట్టలారేసే ఇనప దండెం తీగకే దాన్ని చుట్టుకుంటూ వెళ్లాడు. తీగ చాలక మధ్యలో అతుకు వేశాడు. ఇంట్లో నల్ల టేపు లేదు. పరీక్ష పేపర్ల కట్టలకు అంటించే టేపుంది. అదే నాలుగు చుట్లు చుట్టాడు. పైగా స్విచ్చిని వెయ్యకూడని తీగకు వేశాడు. దాంతో స్విచ్చి తీస్తే లైటారిపోయేది గానీ, తీగలో కరెంటు మాత్రం ఇరవైనాలుగ్గంటలూ ఉండేది. లైటు వెలగగానే మాస్టారు చప్పట్లు కొట్టాడు. స్విచ్చి ఆపి, జేబులోంచి నన్ను తీసి ఒక్కసారి ఆ తీగ కొసకు ఆనించినా చెప్పేవాణ్ణి. అడిగితేగా.

తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టింది. టేపు తడిసి ఊడింది. రాగి తీగ పళ్లు ఇకిలించి ఇనప దండేన్ని కరిచింది. అయిదో రోజు పొద్దున ఎండ ఫెళ్లున కాసింది. నాలుగు రోజుల బట్టలూ ఉతికి భాగ్యవతి మొదటి తువ్వాలు దండెం మీద వేసి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏవండీ, ఇలా రండి. తీగ జివ్వుమంటోంది."

మాస్టారు వచ్చాడు. నన్ను తీసి దండేనికి ఆనించాడు. నేను వెలిగాను. ఒట్టు, పుట్టిన దగ్గర్నుంచీ అంత గట్టిగా ఎప్పుడూ వెలగలేదు. నడినెత్తిన ఎండ. ఆయన నీడ పట్టలేదు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఏమీ లేదు" అన్నాడు.

"వేళ్లు జివ్వుమన్నాయండీ."

"పొద్దుట్నుంచీ నీళ్లలో నానిన చేతులు. తిమ్మిరెక్కాయి."

"పోనీ మెయిను ఆపి చూడండి. మీకు దణ్ణం పెడతాను."

ఏ కళనున్నాడో, లోపలికి వెళ్లి మెయిను ఆపి వచ్చాడు. మెట్ల కింద ఇన్వర్టరు తన పని తాను చేసుకుపోతూనే ఉంది. మాస్టారు మళ్లీ నన్ను ఆనించాడు. మళ్లీ వెలిగాను. మళ్లీ లేదన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"నీ మాటే విన్నాను. మెయిను ఆపాను. టెస్టరూ లేదంటోంది. ఇప్పుడా దేవుడు దిగొచ్చినా ఇందులోకి కరెంటు పంపలేడు. పట్టుకో."

భాగ్యవతి తడి బండ మీద ఉత్తకాళ్లతో నిలబడి ఉంది. చెయ్యి చాచింది. ఆ వేళ్లకీ తీగకీ మధ్య జానెడు దూరం కూడా లేదు. అంతలో ఎందుకో వంటింటి కిటికీ వైపు చూసింది.

"లోపల ఫ్యాను తిరుగుతోందేమిటండీ?"

"అది ఇన్వర్టరు మీద తిరుగుతుంది. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఏమో, నాకేం తెలుసు. నాకు భయంగా ఉంది. ముందు మీరు పట్టుకోండి."

భార్య తన సైన్సును శంకించడం ఆయన జీవితంలో అదే మొదలు. మొహం ఎర్రబడింది. నన్ను బనియను జేబులో పడేశాడు. "చెప్పులుండబట్టి ఏమీ కాలేదంటావు మళ్లీ" అంటూ చెప్పులు విడిచాడు. బండెక్కి దండేన్ని గుప్పిట నిండా పట్టుకున్నాడు.

నోరు తెరుచుకుంది, మాట రాలేదు. గుప్పిట మరింత బిగుసుకుపోయింది. నేను ఆయన గుండె మీదే ఉన్నాను. అది కొట్టుకోవడం మానేసి గిలగిల్లాడటం నాకు తెలుస్తోంది. జన్మలో మొదటిసారి, ఈ మొండి మనిషి బతకాలని నేను కోరుకున్నాను.

భాగ్యవతి ఆయన భుజం పట్టుకోబోయి ఆగిపోయింది. వసారాలోకి పరుగెత్తి, చూరుకింద ఆనించిన ఎండు వెదురు గెడ తెచ్చి మోచేతి మీద కొట్టింది. వదల్లేదు. ఏడుస్తూ మళ్లీ కొట్టింది. మూడో దెబ్బకు పట్టు వదిలి, ఆయన తడి బట్టల బుట్ట మీద పడ్డాడు.

బతికాడు. మూడు రోజులు ఆసుపత్రిలో గుండెకు తీగలు పెట్టి పడుకోబెట్టారు. ఆ తీగలు మాత్రం తెలిసినవాళ్లే కలిపారు. కుడి అరచెయ్యి కాలిపోయింది. రెండు వేళ్లు ఇక వంగవన్నారు.

కొండయ్య వచ్చి ముందు ఇన్వర్టరాపి, తర్వాత మెయినాపి, పెరటి తీగ మొత్తం కత్తిరించి పారేశాడు. అతుకు దగ్గర ఊడి వేలాడుతున్న టేపు చూసి, "ఇది పరీక్ష పేపర్ల టేపు కదండీ అమ్మగారూ" అన్నాడు. మాస్టారి బనియనులోంచి నన్ను తీయించి, కరెంటు మళ్లీ వేశాక గదిలో ప్లగ్గులో పెట్టి చూశాడు. "టెస్టరు లక్షణంగా ఉందండి" అని ఆవిడ చేతికిచ్చి, ఎలా చూడాలో చూపించి వెళ్లాడు.

తర్వాత పరామర్శలు. తోటి మాస్టర్లు, పాత విద్యార్థులు, వీధివాళ్లు. ఒక్కొక్కరికీ కట్టు కట్టిన చెయ్యి చూపిస్తూ మాస్టారు ఒకే కథ చెప్పేవాడు. "నాదేం తప్పు లేదండీ. మెయినాపాను, టెస్టు చేశాను. టెస్టరు మోసం చేసింది. అంతా నకిలీ సరుకు." వచ్చినవాళ్లు నాలుక చప్పరించి, ఈ కాలంలో దేన్నీ నమ్మలేమనుకుంటూ కాఫీ తాగేవాళ్లు. వినీ వినీ నా పొట్ట మండిపోయేది.

భాగ్యవతి కాఫీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి వెళ్లేది. ఒకరోజు మధ్యాహ్నం ఆఖరి చుట్టం వెళ్లాక కిటికీ రెక్కలు రెండూ మూసింది. మంచం పక్కనున్న ప్లగ్గులో నన్ను గుచ్చి, నా నెత్తి మీద వేలు పెట్టింది. వెలిగాను.

"ఇది చెడిపోలేదండీ."

మాస్టారు తల వంచి నా దీపం చూశాడు. సైన్సు చెబుతాడనుకున్నాను, చెప్పలేదు.

"అయితే ఆవేళ కూడా వెలిగే ఉంటుంది" అన్నాడు.

"వెలిగే ఉంటుంది."

"పట్టుకోమన్నాను నిన్ను."

"అన్నారు."

"పట్టుకోబోయావు కూడా. నీకు తెలుస్తూనే ఉంది కదే, జివ్వుమందని నువ్వే చెప్పావు. మరెందుకు చెయ్యి చాచావు?"

"మీరు చెప్పారుగా" అంది భాగ్యవతి.

మాస్టారు నా మీద పెట్టిన ఆవిడ చేతినే చూస్తూ కూర్చున్నాడు.