కుర్చీ చేసిన నేరం

అతను చక్రవర్తి కావాలని రాలేదు. మోకాళ్లు పీకుతుంటే కూర్చున్నాడు, అంతే.

అంతకు తొమ్మిదేళ్ల ముందు అతను లిఫ్టు మెకానిక్కు. పని చేసేటప్పుడు నట్లు పళ్ల మధ్య పట్టుకునే అలవాటు చూసి అన్న అతనికి నట్టు అని పేరు పెట్టాడు. వీధంతా అలాగే పిలిచేది. ఒకరోజు పొద్దున పదకొండింటికి అన్నదమ్ములిద్దరూ ఏడంతస్తుల మేడలో పని మీద ఉన్నారు. అన్న పైన మోటారు గదిలో, నట్టు అడుగున లిఫ్టు గుంతలో.

"ఒరే నట్టూ, బతికే ఉన్నావా?" పైనుంచి అన్న కేక.

"నువ్వా తాడు సరిగ్గా బిగిస్తే ఉంటా!"

అంతలో ఆకాశం తెల్లగా వెలిగింది. అన్న లేడు. మేడ లేదు. వీధే లేదు.

తెగిపడిన లిఫ్టు క్యాబిన్ నట్టు భుజాల మీద ఆగింది. టన్ను బరువు ఉండాలి. అతనికి అట్టపెట్టెలా తోచింది. ఆ వెలుగు వీధిలో అందరినీ బూడిద చేసి, అతని చేతికి మాత్రం బరువును అప్పజెప్పి పోయింది. ఆనాటి నుంచి అతను తలుచుకుంటే కొండ దూదిపింజ అయ్యేది, చొక్కా గుండీ బండరాయి అయ్యేది.

వదిన బస్సు కండక్టరు. డ్యూటీలో ఉండబట్టి బతికింది. తల్లీతండ్రీ లేని నట్టుకు పన్నెండో ఏటి నుంచి తిండి పెట్టింది, తిట్టింది, చదివించబోయి ఓడిపోయింది ఆమే. ఎక్కడో చుక్కల అవతలి సామ్రాజ్యం ఒకటి, తన సైన్యం నుంచి పారిపోయిన ఒక్క సైనికుడు ఆ వీధిలో దాక్కున్నాడని వీధినే తుడిచేసిందని తర్వాత తెలిసింది. వదిన బూడిద దగ్గర నిలబడి ఏడవలేదు.

"పోయినవాణ్ని నువ్వు తేలేవు. సంతకం పెట్టినవాణ్ని నా ఎదుట నిలబెట్టు. ఒక్క మాట అడగాలి."

"ఏం మాట వదినా?"

"అది వాణ్నే అడుగుతా. నీకెందుకు?"

నట్టు మాటిచ్చాడు.

ఆ మాట కోసం తొమ్మిదేళ్లు పట్టింది. సామ్రాజ్యపు సరుకుల ఓడ ఒకటి దిగితే దాన్ని నేలకు అదిమి పట్టి, నడిపేవాణ్ని మెడ పట్టుకుని ఎక్కించి, పైకి పోయాడు. దారిలో వాడి దగ్గరే వాళ్ల భాష నేర్చుకున్నాడు. మొదటి లోకంలో ఒక దండు అతని మీదికి వచ్చింది. వాళ్ల బూట్లను బరువెక్కించాడు. దండంతా పొలంలో పాతిన గుంజల్లా నిలబడిపోయింది. రెండో లోకంలో కోట గోడలు తేలికై గాలికి ఎగిరిపోయాయి. మూడో లోకంలో సైనికులు నిద్రపోతున్న పెద్ద భవనం పైకప్పును బరువెక్కించాడు. లోపల మూడు వందల మంది ఉన్నారని మర్నాడు ఎవరో చెప్పారు. అతను విని, నీళ్లు తాగి, దారి అడిగి ముందుకు పోయాడు. నాలుగో లోకం వచ్చేసరికి అతనికి ఎవరూ ఎదురు రాలేదు. వీధులు ఖాళీ చేసి తలుపులు మూసుకునేవారు. మనిషి ముఖం చూసి మాట్లాడి ఎంత కాలమైందో అతనికే గుర్తు లేకుండా పోయింది.

రాజధాని అంటే మేడలూ బురుజులూ ఊహించాడు. తీరా చూస్తే అంతా ఆఫీసులు. పొడుగాటి వరండాలు, ఫైళ్ల దొంతరలు, కౌంటర్ల వెనక బూడిద రంగు మనుషులు. వాళ్ల కళ్లకు రెప్పలుండవు. దర్బారు హాల్లో నాలుగు వేల మంది నిలబడి ఉన్నారు. అంత హాల్లో ఉన్నది ఒక్కటే కుర్చీ. అందులో బక్కపల్చటి ముసలాయన కూర్చుని ఉన్నాడు. నట్టును చూడగానే మర్యాదగా లేచాడు.

"చాలా దూరం నుంచి వచ్చారు. కూర్చోండి," అన్నాడు.

లిఫ్టు గుంతల్లో గొంతుక్కూర్చుని పని చేసినవాడి మోకాళ్ల సంగతి తెలిసిందే. ప్రపంచంలో బరువులన్నీ మోయగలడు గానీ మోకాళ్ల నొప్పిని తేలిక చేసుకోవడం అతనికి చేతకాలేదు. కూర్చున్నాడు.

నాలుగు వేల తలలు ఒక్కసారి వంగాయి. ముసలాయన మూట దించుకున్న కూలీలా పెద్దగా ఊపిరి వదిలాడు.

"ఆగు," అన్నాడు నట్టు. "మా వీధిని కాల్చమని సంతకం పెట్టింది నువ్వేనా?"

ముసలాయన పక్కకు చెయ్యి చూపించాడు. దస్త్రాల గది పెద్దావిడ ముందుకొచ్చింది. చంకలో లావుపాటి పుస్తకం. పేజీ తిప్పి, వేలు పెట్టి చూసి, తల ఎత్తింది.

"ఆ సంతకం తమరిదే."

"నాదా? నేనప్పుడు లిఫ్టు గుంతలో ఉన్నాను!"

"ఇప్పుడు కుర్చీలో ఉన్నారు కదా."

ఆమె ఎగతాళి చేయడం లేదు. పాఠం చెబుతున్నట్టు విడమర్చి చెప్పింది. ఆ సామ్రాజ్యంలో తప్పు మనిషికి అంటదు, కుర్చీకి అంటుతుంది. ఉత్తర్వు ఇచ్చేది కుర్చీ. అందులో ఎవరు కూర్చుంటే వెనకటి ఉత్తర్వులన్నీ వారివే. లేచినవాడు కడిగిన పలక. పదకొండు వందల ఏళ్లుగా అదే పద్ధతి.

"మరి మీ దేశంలో ఎలా?" అని కుతూహలంగా అడిగింది.

నట్టు పాత చక్రవర్తిని చంపలేదు. వదిన ఎదుట నిలబెట్టాలంటే ప్రాణంతో కావాలి. కుర్చీలోంచి లేవనూ లేదు. లేస్తే పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ సేనాపతి కూర్చుంటాడు, మొట్టమొదట వదిన ఉండే ఊరికే గురి పెడతాడు. ముసలాయన మాత్రం మర్నాటి నుంచి వరండాలో కిటికీ అద్దాలు తుడిచే పనిలో చేరాడు. తుడుస్తూ కూనిరాగాలు తీసేవాడు. ఎప్పుడూ లేనంత బాగా నిద్రపడుతోందని అందరికీ చెప్పేవాడు.

నట్టు ఆరు నెలలు ఏలాడు. అతని ఎదుట ఎవరూ కూర్చోరు. అడిగితే తప్ప ఎవరూ పలకరు. అతను జోకు వేస్తే నాలుగు వేల మంది దాన్ని రాసుకునేవారు. ఒకనాడు దర్బారు లిఫ్టు మూడో అంతస్తులో ఇరుక్కుంది. అతనికి ప్రాణం లేచి వచ్చింది. చొక్కా చేతులు మడిచి గుంతలోకి దిగి, "ఆ పదిహేను నంబరు స్పానరు అందుకో," అని పైకి చెయ్యి చాచాడు. చక్రవర్తి చేతికి వస్తువు అందించడం నిషేధం. పైన వాళ్లంతా తొంగి చూస్తూ నిలబడ్డారు. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత కిందికి వచ్చింది. లిఫ్టు బాగైంది. అతను మళ్లీ ఎప్పుడూ ఎవరినీ ఏదీ అందించమనలేదు.

అయిదో నెలలో రెండో లోకంలో ఎవరో అతని ఓడను పేల్చేశారు. వదినను తీసుకురావడానికి సిద్ధం చేసిన ఓడ అది. సేనాపతి కాగితం తెచ్చాడు.

"పేల్చినవాడు ఫలానా వీధిలో ఉన్నాడు."

"వాడొక్కణ్నే పట్టుకురా."

"మా ఉత్తర్వుల్లో ఒక్క మనిషికి గడి లేదు ప్రభూ. వీధి కంటే చిన్నది రాయలేం."

నట్టు కోపంతో ఊగిపోతున్నాడు. వదిన ఆ ఓడలో ఉండి ఉంటేనో? కాగితం లాక్కుని సంతకం పెట్టాడు.

తర్వాతి నెల ఇంకో ఓడలో వదిన వచ్చింది. చక్రవర్తి ఓడకు ఒక్క పగటి ప్రయాణమే. అదే కండక్టరు సంచీ భుజాన, అదే విసవిస నడక. నాలుగు వేల మంది మధ్య నుంచి బస్సులో నిలబడ్డ జనాన్ని తోసుకొచ్చినట్టు వచ్చింది.

"జరగండి, జరగండి, లోపలికి జరగండి! ఏరా నట్టూ, ఇంత పెద్ద ఇంట్లో ఒక్క కుర్చీయేనా? ఆడమనిషి వస్తే కూర్చోమనే దిక్కు లేదా?"

ఇన్నేళ్లలో అతణ్ని నట్టూ అని పిలిచినవాళ్లు లేరు.

"చిక్కిపోయావు వదినా."

"నువ్వు మాత్రం ఏం పెరిగావని? బొత్తిగా తిండి లేనట్టున్నావు. సరే, మా డిపో మేనేజరు మూడ్రోజులే సెలవిచ్చాడు. వాడేడి?"

పాత చక్రవర్తిని తీసుకొచ్చారు. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది. వదిన అతని ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చూసింది.

"అడుగురా వీణ్ని. మా వీధి మీద సంతకం పెట్టిన రోజున, పెట్టాక, ఆ పూట అన్నం తిన్నాడా?"

అదా ఆ మాట! తొమ్మిదేళ్లు ఆమె మనసులో పెట్టుకున్నది అదేనా! నట్టు ఆ మాటను వాళ్ల భాషలో చెప్పాడు. ముసలాయన కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"ఆ సంతకం నాది కాదు తల్లీ. కుర్చీని అడగండి," అన్నాడు ఆప్యాయంగా.

హాల్లో ఆ రెండు భాషలూ తెలిసినవాడు నట్టు ఒక్కడే. తిన్నానంటున్నాడని చెబితే చాలు. వదిన ఆ ముసలాయన్ని చెంపదెబ్బ కొడుతుందో, చంపమంటుందో. తొమ్మిదేళ్ల పని అయిపోతుంది. వదిన తనకు వదినగానే మిగులుతుంది.

"తన సంతకం కాదంటున్నాడు వదినా. నన్ను అడగమంటున్నాడు," అన్నాడు.

"నిన్నా? నిన్నెందుకు?"

నట్టు ఆ పద్ధతంతా చెప్పాడు. వదిన పకపకా నవ్వింది.

"బాగుందిరా! బస్సుతో ఎవడో ఎవర్నో గుద్దితే, మర్నాడు స్టీరింగు పట్టినవాణ్ని జైల్లో వేసినట్టుంది. ఇదేం పిచ్చోళ్ల రాజ్యం? ఆ దిక్కుమాలిన కుర్చీలోంచి లే. ఇంటికి పోదాం."

ఇంటికి. ఆ మాట వినడానికి అతను ఇంకో నాలుగు లోకాలైనా కూల్చేవాడు.

"నేను లేస్తే ఆ సేనాపతి కూర్చుంటాడు. వీధులు కాల్చేస్తాడు వదినా."

"నువ్వున్నావని ఆగాడా?"

నట్టు చూపు పక్కకు తిప్పుకున్నాడు. అక్కడే చిక్కాడు. పాతికేళ్లుగా కిక్కిరిసిన బస్సుల్లో జనం ముఖాలు చూసిన మనిషి ఆమె.

"ఇటు చూడు. టిక్కెట్టు లేనోడి మొహం నాకు తెలీదా? నట్టూ... నువ్వూ పెట్టావా?"

అతను తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

"ఎన్ని?"

"ఒక్కటే. నువ్వు రావాల్సిన ఓడను..."

"నా మీద పెట్టకు." వదిన గొంతు తగ్గింది. "ఒక్క వీధి. ఎంతమంది?"

"తెలీదు. ఎంతమందో రాయరిక్కడ."

వదిన కుర్చీకి ఇంకో అడుగు దగ్గరికొచ్చింది. తర్వాత ముసలాయన్ని అడిగినంత నెమ్మదిగానే అడిగింది.

"ఆ పూట అన్నం తిన్నావా?"

అబద్ధం చెప్పడానికి అతనికి ఒక క్షణం దొరికింది.

"తిన్నాను."

ఆమె తల ఊపింది. తిట్టలేదు. ఆమె తిడితే బాగుండునని అతను జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు. వదిన సంచీ సర్దుకుని వెనక్కి తిరిగింది. ఒక అడుగు వేసింది. రెండో అడుగు లేవలేదు.

ఆమె చెప్పులు నేలకు అతుక్కుపోయాయి. మూడు వందల మంది మీద కప్పు కూల్చిన బరువే ఇప్పుడు ఆమె అరికాళ్ల కింద ఉంది. ఆమె లాగి చూసింది, మళ్లీ లాగింది. అప్పుడర్థమైంది. తిరిగి చూడకుండానే అంది:

"వదులు."

"ఒక్క రోజు ఉండు వదినా. నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు."

"వదలరా."

వదిలాడు. ఆమె అడుగులు వరండాలో చాలాదూరం వినిపించాయి. మెట్ల దగ్గర ఆగినట్టనిపించింది. ఆగలేదు.

ముసలాయన తడిగుడ్డ భుజాన వేసుకుని కిటికీల దగ్గరికి వెళ్లిపోయాడు. నాలుగు వేల జతల కళ్లు కుర్చీకేసి చూస్తున్నాయి. నట్టు దస్త్రాల పెద్దావిడను పిలిచాడు.

"నేను సంతకం పెట్టిన వీధిలో, ఆ రోజు ఇంట్లో లేక బతికినవాళ్లు ఉంటారు. వాళ్లను వెతికించండి."

సేనాపతి ఉత్సాహంగా ముందుకొచ్చాడు. "శిక్షించడానికా ప్రభూ?"

"కాదు. నా దగ్గరికి రానివ్వడానికి. ఎప్పుడొస్తే అప్పుడు. వాళ్లు అడగాల్సింది ఉంటుంది."

"వాళ్లలో తమరిలాంటివాడు ఒకడుంటే?"

నట్టు మోకాలు రుద్దుకున్నాడు.

"ఉంటే, వాడు ఆ తలుపు బద్దలుకొట్టే పని లేకుండా చూడండి," అన్నాడు. "తీసే ఉంచండి."