బాలి పేరు మీద

సర్వర్ మళ్లీ కాదు పొమ్మంది. జైరాం కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, చొక్కా అంచుతో మొహం తుడుచుకుని, ఆ నల్లపెట్టె వైపు గయ్యాళి అత్తను చూసినట్టు చూశాడు. పెట్టెకేం, చీమకుట్టినట్టయినా లేదు.

పినపాక దాటి అడవి మొదలయ్యే చోట ఉంది ఆ చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజి. జైరాం అక్కడే లైన్‌మన్‌గా చేరాడు, అక్కడే టెక్నీషియన్ అయ్యాడు, ఈ సాయంత్రం అక్కడే రిటైరవుతున్నాడు. సన్నటి మనిషి. స్తంభాలెక్కీ ఎక్కీ అరచేతులు కాయలు కాశాయి. ఏళ్ల తరబడి తీగచుట్టలు మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. ఇన్నేళ్లూ తీగలు లాగిన మనిషికి ఆఖర్న తీగలేని పని తగిలింది.

అది రెండువేల తొమ్మిది. టవర్ నుంచి గాలిలోనే ఊళ్లకు ఇంటర్నెట్ పంపుతున్నారు. ఊళ్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు పేరూ పాస్‌వర్డూ కొడితే, ఎక్స్ఛేంజిలోని సర్వర్ తన దగ్గరున్న పేర్లతో సరిచూసుకుంటుంది. కలిస్తే రానిస్తుంది, లేదా గుమ్మంలోనే నిలబెడుతుంది. ఆ పేర్లన్నీ ఎక్కించింది జైరామే. ఫోన్ కనెక్షన్‌కు రాసినట్టే, అలవాటుగా, ఇంటి యజమాని పేరు పెట్టుకుంటూ పోయాడు.

పొద్దున్నే అన్ని ఊళ్లూ పలికాయి. పలకనిది ఒక్క తండా. అక్కడి కంప్యూటర్ సెంటరు నడిపేది బాలి. చంటిపిల్లాణ్ని చంకనేసుకుని మణుగూరు వెళ్లి కంప్యూటర్ నేర్చుకున్న మొండిది. సాయంత్రంలోగా కలవకపోతే అక్కడ సిగ్నల్ పట్టే సెట్టు విప్పి వేరే ఊరికి పంపమని పైనుంచి ఆర్డరు. పోయిందంటే అది మళ్లీ తండా మొహం చూడదని జైరాంకు తెలుసు. అందుకే మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

"బిడ్డా, మీ ఇంటాయన పేరే కొడుతున్నవా?" అన్నాడు ఫోన్‌లో.

"అవ్ కాకా, ఆయన పేరే."

"ఏం కొట్టినవో ఒకపాలి చదువు."

"ఆయన పేరే కాకా," అంది బాలి, గొంతు బాగా తగ్గించి.

పక్క కుర్చీలో సత్తుపల్లి నుంచి వచ్చిన కుర్ర ఇంజినీరు జయప్రకాశ్ నిట్టూర్చాడు. "సెట్టే పోయుంటుందండీ జైరాం గారూ. విప్పించేద్దామా?"

"ఆగండి సార్. ఇంకా పొద్దు గూకలేదు గదా."

"సరే, ఉండండి. అసలు ఏ పేరుతో తలుపు తడుతోందో చూద్దాం." జయప్రకాశ్ నాలుగు మీటలు నొక్కేసరికి స్క్రీన్ మీద వరుసలు పరిగెత్తాయి. అన్నిట్లోనూ ఒకటే పేరు. తెలియని యూజర్: సంతోష్ నాయిన. ఇంగ్లీషు అక్షరాల్లో. "ఎవరండీ ఈయన?"

జైరాం పకపకా నవ్వాడు. సంతోష్ బాలి కొడుకు. ఆ పిల్లాడి నాయినే కోటేష్. మొగుడి పేరు నోట పలకని పిల్ల వేలితో మాత్రం ఎలా కొడుతుంది?

నవ్వు సగంలో ఆగిపోయింది. చనిపోయిన తన భార్య సోని గుర్తొచ్చింది. ఆయన్ని చివరిదాకా 'మోతీ నాయినా' అనే పిలిచింది. దవాఖానాలో నర్సమ్మ మొగుడి పేరు అడిగితే, జ్వరంతో కాలిపోతూ కూడా సిగ్గుపడి గుమ్మంలో ఉన్న ఆయన వైపు చెయ్యి చూపించింది. ఇల్లు, ఫోన్, పాసు పుస్తకం అన్నీ ఆయన పేరు మీదే. సోని పేరు మీద ఏదీ లేదు. ఉండాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు. ఇప్పుడు తోచింది.

"గింత తెలివి లేకపాయె సార్ నాకు," అని సంగతి చెప్పాడు.

"మా అమ్మా అంతేనండీ, నాన్న పేరు అనదు," అన్నాడు జయప్రకాశ్. "నాకూ తట్టలేదు చూశారా!"

జైరాం కోటేష్ పేరు చెరిపేశాడు. ఆ చోట నాలుగు అక్షరాలు కొట్టి, సర్వర్‌కు ఎక్కించి, ఫోన్ తీశాడు.

"బిడ్డా, గిప్పుడు నీ పేరు కొట్టు."

"ఎవరి పేరు?"

"నీదే. సెంటరు నడిపేది నువ్వా, కోటేషా? వాడికి మౌస్ పట్టుకునుడన్నా వస్తదా?"

"నా పేరు మీదనా కాకా!" ఆ గొంతులో నమ్మకం లేదు.

"నీ పేరు మీదనే. లోపలికి పోయినంక పాస్‌వర్డ్ మార్చుకో. నాకు చెప్పకు. కోటేష్‌కైతే అసలే చెప్పకు."

టకటకా మీటల చప్పుడు. స్క్రీన్ మీద కొత్త వరుస పడింది: బాలి, అనుమతి.

"కాకా! రానిచ్చింది! నా పేరు రాసి మరీ రమ్మన్నది!" ఫోన్‌లోంచి బాలి కేక, వెనక పిల్లల అరుపులు, ఎవరో చప్పట్లు. జైరాం కుర్చీ వెనక్కి పడేటట్టు లేచాడు. "గెలిచినం సార్!" అని ఇంజినీరును అమాంతం వాటేసుకున్నాడు. జైరాం కళ్లల్లో నీళ్లు, నోటి నిండా నవ్వు.

అంతటితో అయిందా? కాసేపటికే ఇంకో తండా నుంచి జమ్లి ఫోను. "బాలికి బాలి పేరే పెట్టినవంట? నేనేం పాపం చేసిన? దేవ్‌సింగ్‌ను తీసెయ్!" ఆమె లైను మొగుడి పేరుతోనే పొద్దుటి నుంచీ దివ్యంగా నడుస్తోంది. అయినా సరే, మార్చాల్సిందే. ఆ వెనకే వేరే సెంటర్ల ముత్తక్క, నాగక్క. మొగుళ్ల పేర్లు ఒక్కొక్కటే దిగిపోతుంటే జైరాం పొట్ట పట్టుకుని నవ్వాడు.

సాయంత్రమైంది. జయప్రకాశ్ బంతిపూల దండ తెప్పించి ఆయన మెడలో వేశాడు. టీలు, మిర్చి బజ్జీలు అయ్యాయి. రిటైరైన మనిషి పేరు సర్వర్‌లో ఉండకూడదు, రూలు. జయప్రకాశ్ చెరపలేక నసుగుతుంటే జైరామే కూర్చుని తన పేరు తీసేశాడు.

"లైన్ టెస్టింగ్‌కి ఒక పేరుండాలండీ. ఏం పెడదాం?"

జైరాం మెల్లగా 'సోని' అని కొట్టాడు. సర్వర్ మారుమాట లేకుండా రానిచ్చింది.

మణుగూరు బస్సు హారన్ కొట్టింది. జైరాం అందరికీ దండం పెట్టి, భుజాన సంచి తగిలించుకుని, వెనక్కి చూడకుండా ఎక్కేశాడు. మెడ ఖాళీగా ఉంది. దండ ఇంటికి పట్టుకెళ్లినా, వేయడానికి సోని ఫోటో ఒక్కటైనా లేదు.

ఎక్స్ఛేంజి గదిలో, సర్వర్ నల్లపెట్టెకు బంతిపూల దండ వేలాడుతోంది.