హనీఫ్ అడిగిన ప్రశ్నలు

పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హనీఫ్ ఒళ్ళో కేసుకట్ట విప్పాడు. ఎండకు వెలిసిన నల్లకోటు భుజాల దగ్గర బూడిదరంగుకు తిరిగింది. యాభై ఏళ్ళ మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. కుడిచేతి నడిమివేలికి కలం ఒత్తి ఒత్తి కాయ కాసింది. మదనపల్లెలో పేరుమోసిన వకీలు కుప్పుస్వామి దగ్గర పద్దెనిమిదేళ్ళుగా జూనియరు. సాక్షులను అడగవలసిన ప్రశ్నలు రాసివ్వడం అతని పని. కోర్టులో లేచి అడిగేది మాత్రం కుప్పుస్వామి.

ఏటా దసరా ముందు కుప్పుస్వామి నలుగురు జూనియర్లనూ పిలిచి బోనసు కవర్లు ఇచ్చేవాడు. పోయినేడు అది సగమైంది. ఈ ఏడు, ఎనభై ఒకటిలో, ఆఫీసు మీద మేడ కడుతున్నామని ఆ సగమూ ఆపేశాడు. ఆ రోజు నుంచి ఆఫీసులో నవ్వులు తగ్గాయి. తక్కిన ముగ్గురూ సాయంత్రం ఆరు కొట్టగానే లేచిపోతున్నారు. ఏ కేసుకు పంపినా వాయిదా అడిగి తిరిగొస్తున్నారు. మనం మాత్రం ఎందుకు ఒళ్ళు వంచాలని హనీఫ్‌కూ చెప్పారు. అతను విని, మళ్ళీ ప్రశ్నలు రాసుకోవడంలో పడ్డాడు. ఆ కవరుతోనే భార్య మైమూన్ బీకి చీర తెచ్చేవాడు. పోయినేటి చీర ఇంకా మడత నలగలేదని ఆమే చెప్పి ఊరుకుంది. ఆమె అలా సర్దుకోవడమే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

పుంగనూరు పోతున్న ఈ కేసుకు మాత్రం కుప్పుస్వామే వాయిదా అడగమన్నాడు. సాక్షిని తానే ప్రశ్నించాలట, తనకేమో చిత్తూరులో పని.

పుంగనూరు కోర్టు వరండాలో వాళ్ళ కక్షిదారు అక్కమ్మ కాచుకుని ఉంది. చౌడేపల్లి పక్క పల్లెలో ఆమె బావి తనదేనని దాయాది దావా వేశాడు. ఆరుసార్లు వచ్చి వాయిదాతో తిరిగిపోయింది. దాయాది తరఫు సాక్షి గంగులయ్య, ఆ బావి తవ్విన ముసలాయన, గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు.

"ఆయప్ప అడిగితే అబద్ధం సెప్పే మనిసి కాదు సామీ," అంది అక్కమ్మ. "మళ్ళా వాయిదాకు ఉంటాడో లేదో."

కేసు పిలిచారు. గంగులయ్య బోనెక్కి, బావి దాయాదిదేనని వాళ్ళు నేర్పినట్టే చెప్పాడు. హనీఫ్ లేచాడు. వాయిదా అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసి ముసలాయన వైపు తిరిగాడు. బెదిరించలేదు. ఎంత లోతు తవ్వారో, బండ ఎక్కడ తగిలిందో ఒక్కొక్కటే అడిగాడు. తన పని గురించి అడిగేసరికి గంగులయ్య ముఖం విప్పారింది.

"నీళ్ళు పడిన పొద్దు నీకు అన్నం పెట్టిందెవరప్పా?"

 ముసలాయన అక్కమ్మ వైపు చెయ్యి చూపించాడు. "ఆయమ్మే. కూలిచ్చింది ఆయమ్మ మొగుడు. ఉండే మాట సెప్పల్ల గదా."

తీర్పుకు ఇంకా రోజులున్నాయి గానీ ఆ మాట రికార్డుకెక్కింది. హనీఫ్ కూర్చుని కేసుకట్టలో తన ప్రశ్న పక్కనే ఆ జవాబు రాసుకున్నాడు. 

సాయంత్రం చిత్తూరు నుంచి ఆఫీసుకు వచ్చి కుప్పుస్వామి అంతా విన్నాడు. "వాయిదా అడగమంటిని గదప్పా. సాక్షిని నువ్వు యాల అడిగితివి?" అన్నాడు.

హనీఫ్ కేసుకట్ట ఆయన బల్ల మీద పెట్టాడు. "ఈ నెలాఖరుకు కుప్పం పోతాండాను సార్. ఆడ కోర్టు ముందర సొంతంగా ఒక గది చూసుకుంటాను."

బోనసు గురించేనా, వచ్చే ఏడు చూద్దామన్నాడు కుప్పుస్వామి.

"దానికీ బాధపడినాను సార్. కానీ ఈ పొద్దు నా ప్రశ్నకు సాక్షి జవాబు నాకే చెప్పినాడు. పద్దెనిమిదేండ్లలో ఇదే తొలిసారి."



నెలాఖరున హనీఫ్, మైమూన్ బీ రెండు ట్రంకుపెట్టెలతో కుప్పం బస్సెక్కారు. మర్నాడు మదనపల్లె ఆఫీసులో టైపిస్టు కృష్ణవేణి అతని సీటు దగ్గర ఊడుస్తూ కుర్చీ పక్కకు జరిపింది. కుర్చీ ఒరిగింది. దాని కాలొకటి పొట్టి. అది ఉన్న చోట, నేల మీద, నాలుగు మడతలు పెట్టిన పాత ఫైలు అట్టముక్క, పద్దెనిమిదేళ్ళు కాలు ఆనిన చోట గుంటపడి నున్నగా మెరుస్తోంది.