కళ్ళు తెరిచిన సీతాఫలాలు

జడ్చర్లలో లియాఖత్ అలీ సేటు సీతాఫలాల కంపెనీ అంటే పెద్ద మేడ అనుకునేరు! ఒక రేకుల షెడ్డు, కొందరు ఆడవాళ్ళం, ఒక కిరాయి లారీ, అంతే. తొంభైల నాటి మాట. మా పండ్లు హైదరాబాదులో ఒక ఐస్‌క్రీమ్ దుకాణానికి వెళ్ళేవి.

సీతాఫలం కళ్ళు తెరిచిందంటే ఇక ఆగదు. పొద్దున గట్టిగా ఉన్న కాయలో సాయంత్రానికి వేలు దిగబడుతుంది. దారిలోనే సగం గంప చితికిపోయేది. అయితే సేటుకు ఒక అలవాటుండేది. లారీ కదలగానే అందరినీ కూర్చోబెట్టి, "ఇయ్యాల ఏం ఇబ్బందైంది, జర చెప్పుండ్రి" అనేవాడు. ఎవరేం చెప్పినా కోప్పడేవాడు కాదు. కాయల మధ్యన కూడా గడ్డి పెడదామన్నాను నేను. తొడిమలు పైకి ఉంచమంది సావిత్రమ్మ. లోపలి కాయలు వేడికి ఉడికిపోతున్నాయని ఎవరో అంటే, గంపలల్లే భిక్షపతి గాలాడేలా అల్లిక వదులు చేశాడు. రోజుకో చిన్న మార్పు. నష్టం తగ్గింది గానీ, పూర్తిగా పోలేదు.

దీపావళి ముందు దుకాణం వాళ్ళు కబురు పంపారు: ఈ లోడు కూడా చితికి వస్తే ఇక పంపొద్దని. అంటే షెడ్డుకు తాళమే, మా పొయ్యిలూ చల్లారినట్టే. సరిగ్గా ఆ రోజే లారీ చెడిపోయి కదల్లేదు! తెల్లారి చూస్తే గంపల నిండా కళ్ళు తెరిచిన పండ్లే.

సేటు తల పట్టుకున్నాడు. "ఇన్ని దినాలు ఇంతగనం సవరించినం. ఏం ఫాయిదా?"

ఆయన చెల్లెలు జాహేదా పక్కనే పండు తింటూ గింజలు ఊస్తోంది. "భాయ్, ఆళ్ళు ఐస్‌క్రీముల తొక్క గూడ ఏస్తరా?"

"నీకు గిప్పుడు మజాకులా?"

"మజాక్ గాదు. ఆడ తీసేది గుజ్జే గద. గదేదో మనమే తీసి పంపుదం."

"గిన్ని పండ్లల్ల గింజలెట్ల తీస్తవే? గట్టిగ పిసికితే గింజ పలిగి చేదైతది!"

నా చూపు గంపల మీద పడింది. వదులుగా అల్లిన కొత్త గంప ఒకటి కడిగాను. కింద గిన్నె పెట్టి, గుజ్జు వేసి అరచేత్తో మెల్లగా రుద్దాను. తెల్లగా వెన్నలా జారింది చూడండి! గింజలన్నీ నల్లగా మెరుస్తూ పైనే నిలిచాయి.

"సావిత్రీ, ఉరుకే! కొత్త గంపలన్ని కడుగు!" అని కేకేశాను.

భిక్షపతి నన్ను చూసి నోరెళ్ళబెట్టాడు. "గాలికని అల్లితిని గదనే, నర్సింగక్కా! జల్లెడైపాయె!"

రోజూ హైదరాబాదుకు పాల వ్యాను నడిపే యాదగిరిని బతిమాలి ఖాళీ క్యాన్లు తెప్పించాం. గుజ్జు నింపి, చుట్టూ ఐసు పేర్చి, ఆ బండిలోనే హైదరాబాదు పంపాం.

సాయంత్రం షెడ్డు పక్కనున్న కిరాణా కొట్టుకు హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. సేటు పరుగున వెళ్ళి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"పండ్లు ఒద్దంట."

సావిత్రమ్మ ఏరుతున్న తొక్క చేతిలోనే పట్టుకుని లేచింది.

"ఇగ గుజ్జే కావాల్నంట! రోజూ పంపుమన్నరు!" అని ఫక్కున నవ్వాడు.

"నీ పాడుగాను, సేటూ! పానం పోయింది గద!" అని సావిత్రమ్మ చేతిలోని తొక్క ఆయన మీదికి విసిరింది. షెడ్డంతా కేకలు, ఈలలు! జాహేదా అన్నను పట్టుకుని గిరగిర తిప్పింది.

ఊపిరి తీసుకుని సేటు మామూలుగా చాప మీద కూర్చున్నాడు. "ఇగ చెప్పుండ్రి. ఇయ్యాల ఏం ఇబ్బందైంది?"

ఎర్రగా గీరుకుపోయిన అరచేతులు చూపించాను. "గంప లోపల వెదురు పేడు గుచ్చుకుంటాంది, సేటూ."

భిక్షపతి అప్పటికే కత్తి తీసి పేళ్ళు నున్నగా చెక్కుతున్నాడు.