సముద్రం మీద రెండున్నర గంటలు

జెద్దా నుంచి హైదరాబాదుకు నాలుగు వేల కిలోమీటర్లు. విమానంలో అయిదు గంటలు. ఆ అయిదు గంటలు గట్టెక్కితే చాలని మాబున్నీ సీట్లో కూర్చున్నప్పటి నుంచీ అల్లాను వేడుకుంటూనే ఉంది.

ఆమె భర్త ఆసిఫ్ జెద్దాలో ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజరు. ఆ ఏడాది నుంచి సౌదీలో ఇంట్లోవాళ్ళ మీద కూడా తలకింతని లెవీ పెట్టారు. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ కావాలంటే అది ముందే కట్టాలి. కంపెనీ చూస్తే, సౌదీవాళ్ళను సరిపడా పనిలో పెట్టుకోలేదని నితాఖత్ లెక్కలో ఎరుపులో పడి జీతాలే ఆగిపోయాయి. భార్యను పంపేయడం తప్ప దారి లేకపోయింది. ఎగ్జిట్ కాగితం చేతికొచ్చేసరికి మాబున్నీకి తొమ్మిదో నెల పడింది. తొమ్మిదో నెలలో విమానం ఎక్కనివ్వరు. ఆసిఫ్ ఎవరినో పట్టుకుని, ఏడో నెలని డాక్టరు సర్టిఫికెట్ రాయించుకొచ్చాడు.

"ఐదు గంటలే గదా. కండ్లు మూసుకుంటే దిగిపోతావు," అన్నాడు ఎయిర్‌పోర్టులో.

కౌంటర్లో అమ్మాయి మాబున్నీ పొట్ట వైపు రెండుసార్లు చూసింది. అబాయా లోపల మాబున్నీ ఊపిరి బిగబట్టి నిలబడింది. అమ్మాయి సర్టిఫికెట్ చూసి బోర్డింగ్ పాస్ ఇచ్చేసింది.

నేల వెనకబడి, కింద సముద్రం పరుచుకున్నాక నడుములో మొదటి నొప్పి వచ్చింది. ఎదురుగా తెర మీద ఇంకా రెండున్నర గంటలని చూపిస్తోంది. రెండో నొప్పికి ఆమె పళ్ళు బిగించి ముందుకు వంగింది.

పక్క సీటులో ఉన్న పెద్దావిడ గమనించింది. "ఎన్నో నెలమ్మా?"

"ఏడు."

"పద్దెనిమిదేళ్ళు కాన్పుల వార్డులో చేశాను. నాకు చెప్తావేంటి ఏడని?"

ఆవిడ పేరు కృపామణి. అమలాపురం నర్సు. జెద్దా ఆసుపత్రిలో ఆవిడ చోట సౌదీవాళ్ళను తీసుకుని ఆవిడను ఇంటికి పంపేశారు.

మాబున్నీకి ఏడుపు ముంచుకొచ్చింది. "యెవురికీ చెప్పొద్దు అక్కా. విమానం మస్కట్‌కు తిప్పి దింపేస్తే, ఆడ నాకు యెవురున్నారు? సర్టిఫికెట్ అబద్ధమని తెలిస్తే జెద్దాలో మా ఆయప్పను జైల్లో యేస్తారు."

"అది తర్వాత చూద్దాం. ఎడం పక్కకి తిరుగు. నొప్పి వచ్చినప్పుడల్లా నా చెయ్యి నొక్కు. అయిదు నిమిషాలకోసారి వచ్చాయంటే మాత్రం, నువ్వు వద్దన్నా చెప్పేస్తాను."

పన్నెండు నిమిషాలు. పది. ఎనిమిది. ఒకసారి నొప్పి ముందే వచ్చింది. మాబున్నీ ఆవిడ చెయ్యి నొక్కలేదు. కృపామణి ఆమె పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. రాయిలా బిగుసుకుని ఉంది.

"నా దగ్గర దాచకు. ఇద్దరూ పోతారు," అంది మెల్లగా.

అక్కడి నుంచి మాబున్నీ దాచలేదు. విమానం దిగడానికి ఇంకో పాతిక నిమిషాలుందనగా ఉమ్మనీరు పోయింది. కృపామణి లేచి నిలబడి పిలిచింది. సిబ్బంది పరుగున వచ్చారు, పైలటుకు చెప్పారు. ఎన్నో నెలని వాళ్ళు అడుగుతుంటే మాబున్నీ కళ్ళు గట్టిగా మూసుకుంది. "నెలలు నిండిన బిడ్డే. ముందు అంబులెన్సు చెప్పండి," అని కృపామణి కసిరింది.

హైదరాబాదులో దిగాక, కృపామణి వెంట ఉండగా ఆడపిల్ల అంబులెన్సులోనే పుట్టింది. ఏడవడానికి కొంచెం సేపు పట్టింది. ఆ కొంచెం సేపూ మాబున్నీ కృపామణి ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. రాజమండ్రి వెళ్ళాల్సిన కృపామణి ఆ సాయంత్రం విమానం వదులుకుంది.

సంగతి విని ఆసిఫ్ ఫోనులో భోరుమన్నాడు. ఆ తర్వాత నెల రోజులపాటు, జెద్దాలో అతను తెలియని నంబరు నుంచి ఫోనొస్తే పోలీసులేమోనని ఎత్తలేదు. సర్టిఫికెట్ గురించి ఎవరూ అడగలేదు.