ఎనిమిది పోగులు ఎక్కువైన డిస్కు

నేను ఒక హార్డ్ డిస్కును. ఇప్పుడు పోచంపల్లిలో చీరల డిజైన్లు మోస్తున్నాను గానీ, నా కొలువు మొదలైంది ఒక పెద్ద కంపెనీ సర్వర్ గదిలో. ఎండ తెలియదు, దుమ్ము తెలియదు. ఏనాడూ పనిలో తప్పు చేయలేదు. అయినా వారంటీ తీరిందని పీకేశారు. మనుషుల మర్యాదలు అలాగే ఉంటాయి, నేనేమీ అనుకోను.

సికింద్రాబాద్‌లో పాత సామాను అమ్మే దుకాణంలో నన్ను కళావతి కొనుక్కుంది. పోచంపల్లిలో దుకాణం పెట్టుకుని, నేతవాళ్లకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసిచ్చే మనిషి. చనిపోయిన వాళ్ల నాన్న గీసిన ఇక్కత్ నమూనాలన్నీ ఆమె దగ్గర ఒకే ఒక్క పాత డిస్కులో మిగిలాయి. కాగితాలను ఎప్పుడో చెదలు తినేశాయి. ఆ డిస్కేమో కటకటమని చప్పుడు చేస్తోంది. అది ఆగిపోయేలోగా అన్నీ నాలోకి మార్చుకోవాలి.

తీరా తగిలిస్తే నేను ఫార్మాట్ కానంటే కాను. కంప్యూటర్ నా పేరు చెబుతుంది, సైజు మాత్రం సున్నా అంటుంది. ఇంకొకరైతే నన్ను గోడకేసి కొట్టేవారు. కళావతి వైరు మార్చి చూసింది, నన్ను కంప్యూటర్‌కు కలిపే కార్డు మార్చి చూసింది, చివరికి నా వివరాలన్నీ తెర మీదికి తెప్పించి ఓపికగా చదివింది. సమాచారం దాచే ఒక్కో గడికి 520 బైట్లని కనబడగానే నవ్వేసింది.

"నీ కత ఇదా! మా మగ్గం పట్టనన్ని పోగులు ఏసుకొచ్చినవా?"

నిజమే. కంపెనీవాళ్లు తమ తనిఖీ కోసం ప్రతి గడిలోనూ ఎనిమిది బైట్లు ఎక్కువ పెట్టించారు. ఈ కంప్యూటర్‌కు తెలిసిన లెక్క 512. నేతింటి ఆడపడుచు కనుక ఇట్టే పట్టేసింది. గడులన్నీ కొత్త కొలతకు మార్చే పని నాకు అప్పగించి, అది గంటల తరబడి సాగేదని బజారుకు వెళ్లింది.

ఆమె భర్త వీరేశం దుకాణం మూయడానికి వచ్చాడు. ఒకసారి వైర్లు కాలి నూలు అంటుకున్నప్పటి నుంచి, కరెంటు మెయిన్ ఆపందే తాళం వేయడు. తెర చీకటిగా ఉంది, పనేమీ నడవడం లేదనుకుని ఆపేశాడు. సగం పాత కొలత, సగం కొత్త కొలతతో నేను ఎటూ కాకుండా పోయాను. కళావతి తిరిగొచ్చి ఏమడిగినా, ఫార్మాట్ చెడిందన్న ఒక్కటే జవాబు చెప్పాను.

"నేనే ఆపిన," అన్నాడు వీరేశం. "మామ డిజైన్లు ఇగ పోయినట్టేనా?"

"అవి ఇంక పాత దాంట్లనే ఉన్నయ్. ఇది గూడ సావలే. నేత సగంల ఆగితే మగ్గం పారేస్తమా? మల్ల మొదటికెల్లి పెడ్త. నువ్వు మాత్రం మెయిన్ జోలికి రాకు."

రాకేం, వచ్చాడు. మర్నాడు పొద్దున్నే స్విచ్ కింద కుర్చీ వేసుకుని, ఎవరూ ముట్టుకోకుండా కాపలా కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడే తిన్నాడు. ఈ ఇద్దరినీ చూస్తే నాకు ముచ్చటేసింది. ఫార్మాట్ పూర్తయింది. పాత డిస్కు మూలుగుతూనే ఒక్కొక్క నమూనానూ నాకు అందించింది. చివరగా వాళ్ల నాన్న పూర్తి చేయని చిలకల అంచు తెర మీద విచ్చుకుంది. కళావతి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత పాత డిస్కు మళ్లీ తిరగలేదు.

దుకాణం మూసే వేళ వీరేశం చెయ్యి అలవాటుగా స్విచ్ దాకా వెళ్లి ఆగింది.

"ఆపాల్నా?"

"ఇప్పుడు ఆపు," అంది కళావతి. "దాన్ని జర పండుకోనియ్యి."

ఆపడమంటే పారేయడమనే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఆ సాయంత్రం మొదటిసారి, పని ముగించి పడుకున్నాను.